రంగత్‌లో పోటు, పాటు, మధ్యలో మడ అడవి

మా అన్నయ్య ఇంట్లో గోడ గడియారం కంటే తెలుగు క్యాలెండర్‌కే పని ఎక్కువ. పొద్దున్నే లేచి టీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడతాడు. రాహుకాలం కోసం కాదు, తిథి కోసం. "అమావాస్య దగ్గరికొచ్చేసింది. పోటు పొద్దుటిపూటే ఉంటాది. రేపు పెందలాడే బయల్దేరాలమ్మా" అన్నాడు నేను వెళ్లిన సాయంత్రమే. సముద్రం నీళ్లు ఎక్కి రావడం పోటు, దిగిపోవడం పాటు. తిథికి రెండు ఘడియల చొప్పున పోటు ఆలస్యమవుతుందని మా పెదనాన్న నేర్పిన లెక్క అది. రెండు ఘడియలంటే 48 నిమిషాలు. నేను ఊరుకోకుండా ఫోన్‌లో టైడ్ టేబుల్ తీసి సరిచూశాను. అందులోనూ రోజుకి దాదాపు 50 నిమిషాల తేడానే ఉంది. అన్నయ్య నా ఫోన్ వైపు కనీసం చూడను కూడా లేదు.

పెదనాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి విశాఖలో ఓడెక్కి అండమాన్ వెళ్లిపోయిన మనిషి. మనవైపు నుంచి వెళ్లిన చాలామంది లాగే మొదట పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఉండి, తర్వాత మధ్య అండమాన్‌లోని రంగత్‌కి మారాడు. అన్నయ్య పుట్టిందీ పెరిగిందీ దీవుల్లోనే. పిల్లలు వీధిలో హిందీ, పక్కింటివాళ్లతో బెంగాలీ, వాళ్లమ్మ కోప్పడినప్పుడు మాత్రం సిక్కోలు తెలుగు మాట్లాడతారు.

ఇక నేనంటారా, ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్తాను. మొగలికి ఊత వేళ్లు, మడకి శ్వాస వేళ్లు, ఉప్పుపొన్నలో శిశూత్పాదకత (గింజ చెట్టు మీదే మొలకెత్తడం) అంటూ ఏటా బోర్డు మీద అవే బొమ్మలు గీస్తుంటాను. పిల్లల్ని కోరంగి కూడా తీసుకెళ్లాను. కానీ కోరంగి గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద పెరిగిన అడవి. దాని వెనక కొండలుండవు, పొలాలూ చేపల చెరువులూ ఉంటాయి. అండమాన్‌లో అలా కాదు. అక్కడ చెప్పుకోదగ్గ పెద్ద నదులే లేవు. కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. కొండ మీద వర్షారణ్యం, కొండ పాదాన సముద్రపు పాయలోకి చొచ్చుకెళ్లిన మడ అడవి. ఆ రెండూ కలిసే చోటు చూడాలన్నది నా కోరిక. "బీచ్‌లు చూడ్డానికొస్తారు గానీ, బురద చూడ్డానికొచ్చిన మనిషిని నిన్నే చూస్తన్నాను" అని వదిన నవ్వింది.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు, కానీ నా చెవిన పడిందంతా పాత పేరే. అక్కడి నుంచి రంగత్‌కి రెండు దారులు. ఒకటి అండమాన్ ట్రంక్ రోడ్డు. అది జార్వా తెగ రిజర్వు గుండా పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్లన్నిటినీ వరసగా నిలబెట్టి, పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా వదులుతారు. దారిలో ఆగకూడదు, ముందు బండిని దాటకూడదు, ఫొటో తీస్తే జైలే. ఆ రిజర్వులో పడే భాగాన్ని మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో నేను దిగిన లాడ్జిలో ఒక కుటుంబం "జార్వాలు కనిపిస్తారా?" అని ట్యాక్సీ అతన్ని అడుగుతుంటే విన్నాను. పులి కనిపిస్తుందా అని సఫారీలో అడిగే గొంతే అది. నాకు మనసొప్పలేదు. రెండో దారి పట్టి ప్రభుత్వ బోటెక్కాను.

ఇదే మాట వదినతో కాస్త గర్వంగా చెప్పాను. ఆవిడ వెంటనే "నువ్వు నాలుగు రోజులుండి పోయే మనిషివి, బోటెక్కుతావు. మా అత్తకి గుండె నొప్పి వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి ఆ రోడ్డు మీదే కదా తీసుకెళ్లాం" అంది. నా దగ్గర జవాబు లేదు. టూరిస్టు బళ్లు వేరు, అంబులెన్సు వేరు అని ఇప్పటికీ అనుకుంటున్నాను గానీ, ఆ రోజు వదినతో వాదించలేదు.

రంగత్ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు వింటే ఎవరో రామాయణం ముందేసుకుని కూర్చుని పెట్టారనిపిస్తుంది. దశరథ్‌పూర్, మిథిల, ఊర్మిళాపూర్, పంచవటి, శబరి. పర్ణశాల కూడా ఉంది. భద్రాచలం పర్ణశాల తెలిసిన నాకు బస్సు బోర్డు మీద ఆ పేరు కనపడగానే నవ్వాగలేదు. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకుల్ని తెచ్చి ఈ దీవుల్లో భూములిచ్చి కూర్చోబెట్టారు. అంటే ఇప్పుడు వరి, పోక, కొబ్బరి కనిపిస్తున్న మైదానమంతా ఒకప్పుడు కొట్టేసిన అడవే.

మర్నాడు తెల్లారేసరికి ఎర్రాట్టా పాయ దగ్గరున్నాం. దీవుల్లో చిన్న మోటారు పడవని డుంగి అంటారు. దాన్ని నడిపింది ఒక రాంచీ కుర్రాడు. రాంచీ అంటే ఆ ఊరివాడని కాదు. 1918 నుంచి అడవి పనులకి ఛోటా నాగ్‌పూర్ వైపు నుంచి తెచ్చిన ఓరాన్, ముండా, ఖరియా కుటుంబాల వాళ్లందరికీ ఇక్కడ అదే పేరు. వీళ్ల తాతలు కొట్టిన చెట్లతోనే పోర్ట్ బ్లెయిర్‌లోని చాథమ్ రంపపు మిల్లు నడిచింది. అయినా ఊళ్లో భూమి పట్టాల మాట వస్తే వీళ్ల పేర్లు చివర్లో ఉంటాయని అన్నయ్య చెప్పాడు.

"చేతులు బయట పెట్టకు, మధ్యలో కూకో" అన్నాడు అన్నయ్య. మొసళ్ల భయం. ఉప్పునీటి మొసలి ఈ పాయల్లో ఎక్కడైనా ఉండొచ్చు. జెట్టీల దగ్గర చేపలు కడిగి పేగులు నీళ్లలో పారేస్తే అవి ఆ చోటికి మరుగుతాయని బోర్డులు కూడా పెట్టారు. మాకు మొసలి కనపడలేదు. ఒకచోట గట్టు మీద బురదలో బరువైనదేదో నీళ్లలోకి జారినట్టు వెడల్పాటి గాడి మాత్రం ఉంది. కుర్రాడు చేత్తో చూపించి, ఇంజిన్ వేగం తగ్గించకుండా ముందుకి పోనిచ్చాడు. నేనూ తగ్గించమనలేదు.

పోటు నిండుగా ఉంది. పాయ సన్నబడే కొద్దీ రెండు పక్కల ఉప్పుపొన్న చెట్లు మీదికి వంగి, కాసేపటికి ఆకాశమే కనపడలేదు. కోరంగిలో ఎక్కువ భాగం నల్ల మడ, తెల్ల మడ, తిల్ల. ఇక్కడ రాజ్యమంతా ఉప్పుపొన్నది, అంటే రైజోఫోరాది. మనవైపు నేను చూసినవి ఇంతింత లేవు. వీటి ఊత వేళ్లు నా తలకంటే ఎత్తులో మాను నుంచి బయల్దేరి, వంపు తిరిగి నీళ్లలోకి దిగుతున్నాయి. క్లాసులో నేను గీసే బొమ్మలో వేళ్లు చెట్టుకి అడుగున నాలుగు గీతలు. ఇక్కడ చెట్టులో సగం వేళ్లే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కట్టిపడేసింది మాత్రం ఒక అడ్డగీత. పాయ పొడుగునా ఆకుల గుబురు కింది అంచు ఒకే మట్టంలో ఉంది. ఎవరో దారం పట్టి కత్తిరించారా అనిపించేంత సమంగా ఉంది. పెద్ద పోటుకి నీళ్లు ఎంత ఎత్తుకొస్తాయో ఆ గీత అంత ఎత్తులో ఉంటుంది. దాని కింద ఆకు బతకదు. వేళ్ల మీద గుల్లలు అంటుకున్న మేర కూడా అలాగే ఒక మట్టం దగ్గర ఆగిపోయింది. పోర్ట్ బ్లెయిర్ వైపు అమావాస్యకీ పున్నమికీ పోటుపాట్ల మధ్య తేడా సుమారు 2 మీటర్లు. ఆ 2 మీటర్లలోనే ఏ చెట్టు ఎక్కడ నిలబడాలో తేలిపోతుంది. పాయ అంచున ఉప్పుపొన్న, కాస్త మెరక మీద మోకాళ్లలా వేళ్లు వంచే బ్రుగీరా, ఇంకా వెనక పలకల్లాంటి వేళ్లున్న హెరిటీరా, దాని వెనక మొగలి. జానెడు ఎత్తు పెరిగితే చెట్టు మారుతుంది.

కొమ్మలకి ములక్కాడల్లా వేలాడుతున్నవి కాయలు కావు, మొలకలు. గింజ చెట్టు మీదే మొలకెత్తి, కాడ సాగి, బరువెక్కాక కింద పడుతుంది. నీళ్లలో తేలుతున్న ఒకదాన్ని అందుకున్నాను (చేతులు బయట పెట్టొద్దన్న మాట మర్చిపోయి, తిట్లు తిన్నాను). మూరెడు పొడుగుంది. ఒళ్లంతా చిన్న చిన్న బొడిపెలు, పై కొస ఆకుపచ్చగా, కింది కొస గోధుమ రంగుకి తిరిగి మొనదేలి ఉంది. ఆ మొన దగ్గర గోరుతో గిల్లేంత తెల్లటి వేరు పిలకలు అప్పుడే బయటికొస్తున్నాయి. పాటు సమయంలో రాలితే చెట్టు కిందే బురదలో దిగబడొచ్చు. పోటులో రాలితే అడ్డంగా తేలుతూ పోతుంది, కొన్నాళ్లకి కింది కొస నీరు పీల్చి నిలువుగా తిరుగుతుంది, బురద తగిలిన చోట నాటుకుంటుంది. ఇదంతా నేను ఏటా చెప్పేదే. అయినా ఆ పిలకల్ని వేలితో తడిమినప్పుడు, ఇన్నాళ్లూ ఈ పాఠాన్ని రెండు మార్కుల ప్రశ్న కింద కుదించేశానే అనిపించింది.

"ఇక తిప్పరా, నీళ్లు లాగేత్తన్నాయి" అన్నాడు అన్నయ్య ఉన్నట్టుండి. నాకైతే ఏ తేడా కనపడలేదు. ఆయన గుల్లల గీత వైపు చూపించాడు. నీళ్లకీ దానికీ మధ్య బెత్తెడు తడి వేరు బయటపడి ఉంది. ఇంకో గంట ఆగితే డుంగి బురదలో కూర్చుంటుంది, మళ్లీ పోటొచ్చేదాకా దోమలకి అప్పగించుకోవాల్సిందే.

ఆ మధ్యాహ్నం పాటు సమయానికి ధనినల్లా వెళ్లాం. రంగత్ దగ్గర కత్‌బర్ట్ బే వైపు, మడ అడవి మధ్య నుంచి సముద్రం దాకా 700 మీటర్లకి పైగా చెక్క నడవ వేశారు. చెట్ల దగ్గర పేర్లతో పలకలు పెట్టారు. పొద్దున నీళ్ల మీద చూసిన అడవి ఇప్పుడు అడుగు బయటపెట్టింది. కుళ్లిన గుడ్ల వాసన. ఆక్సిజన్ లేని బురదలో బాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. వేళ్లకి ఊపిరాడని ఆ బురదలోంచి మడ చెట్టు శ్వాస వేళ్లు వేలెడేసి పొడుగున, అడుగు పెట్టడానికి సందు లేకుండా నిటారుగా లేచి ఉన్నాయి. వాటి మధ్య ఒక కొండి మాత్రం పెద్దగా ఉన్న చిన్న పీతలు, మన అడుగుల చప్పుడుకి క్షణంలో బొరియల్లోకి మాయం. మడ్‌స్కిప్పర్ చేపలు రెక్కల మీద డేకుతూ వేళ్ల మీదికి ఎక్కుతున్నాయి. చేప నీళ్లు వదిలి చెట్టెక్కడం చూసి, మా అన్నయ్య చిన్న కూతురు "అత్తా, దీనికి ఈత రాదా?" అని అడిగింది.

నడవ పక్కనే అందిన మడ ఆకు ఒకటి తుంచి నాలికకి తగిలించాను. ఉప్పు. ఆకు మీద సన్నటి పలుకులు కూడా కనపడుతున్నాయి. మడ వేరు ఉప్పునీళ్లు తాగి, ఎక్కువైన ఉప్పుని ఆకు మీది గ్రంథుల నుంచి బయటికి తోసేస్తుంది. ఉప్పుపొన్న ఆకుకి ఆ గ్రంథులు లేవు, ఉప్పులో చాలా మటుకు వేరు దగ్గరే వడకట్టేస్తుంది. పాప రెండు ఆకులూ రుచి చూసి తేడా చెప్పింది. ప్రాక్టికల్ పరీక్ష పెడితే దానికి ఫుల్ మార్కులు.

నడవ చివర బీచ్, తాబేళ్ల గుడ్లు కాపాడే కంచె. ఆలివ్ రిడ్లీలు డిసెంబరు నుంచి మొదలుపెట్టి గుడ్లకి వస్తాయి. మేం వెళ్లింది పగలు, కంచె తప్ప చూడ్డానికేం లేదు. పైగా ఇసుక ఈగలు. కుట్టినప్పుడు తెలియదు, రాత్రికి తెలుస్తుంది.

వర్షారణ్యంలోకి మాత్రం మేం ఊరికే వెళ్లలేదు. అటవీ శాఖలో వాచర్‌గా చేసి రిటైరైన ఒకాయన, అన్నయ్య స్నేహితుడు, వెంట వచ్చాడు. మడ అడవి అంచు నుంచి కాస్త ఎక్కామో లేదో, వెలుతురు తగ్గిపోయింది. కాళ్ల కింద మెత్తటి ఆకు కుళ్లు, చెవుల్లో కీచురాళ్ల రొద. గుర్జన్ మానులు కొమ్మ అనేది లేకుండా పైపైకి పోయి ఎక్కడో 40 మీటర్ల ఎత్తున విచ్చుకున్నాయి. వాటి ఎండిన కాయ ఒకటి దొరికింది. రెండు రెక్కలు, పైకి విసిరితే గిరగిరా తిరుగుతూ దిగింది. అండమాన్ పడౌక్ మాను అడుగున పలక వేళ్లు నా నడుము ఎత్తున గోడల్లా నాలుగు దిక్కులకీ సాగి ఉన్నాయి. ఆ పలకని అడ్డంగా కోసి, అతుకు లేని డైనింగ్ టేబుల్ చేసేవారట. చుట్టూ అడవి తీగలు, బెత్తం. బెత్తం ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి, చీర కొంగు చిక్కితే ముందుకి లాక్కూడదు, వెనక్కి అడుగు వెయ్యాలి. ఉప్పు మూట తెచ్చుకున్నాం గనుక జలగల సంగతి చెప్పను.

పాత మొద్దులు చాలా కనపడ్డాయి. 2002 సుప్రీంకోర్టు తీర్పు ట్రంక్ రోడ్డుతో పాటు ఈ కొట్టుడికీ అడ్డుకట్ట వేసింది. దీవుల సొంత అవసరాలకి తప్ప సహజంగా పెరిగిన చెట్టు నరకొద్దంది. ప్లైవుడ్ మిల్లులు మూతపడ్డాయి, పనులు పోయాయి. అడవి మళ్లీ లేస్తోందా అని అడిగితే వాచర్ పెదవి విరిచి, నేల మీద పాదు దగ్గర కొరికేసిన మొక్కని చూపించాడు. జింకలు. బ్రిటిష్‌వాళ్లు వేటకని తెచ్చి వదిలిన చుక్కల జింకలివి. ఈ దీవుల్లో పులి లేదు, చిరుతా లేదు. తినేవాడు లేక అవి పెరిగాయి, మొక్కని తలెత్తనివ్వడం లేదు. చెట్టు కొట్టడం ఆపితే అడవి దానంతటదే వచ్చేస్తుందని నేను క్లాసులో చెప్పే మాట ఇకపై ఇంత తేలిగ్గా చెప్పలేను.

తిరుగు ప్రయాణంలో వదిన కూడా పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. వాళ్ల పుట్టిల్లు సిప్పీఘాట్ వైపు. 2004 డిసెంబరు 26న భూకంపం వచ్చినప్పుడు ఈ దీవుల గొలుసు ఒక పక్క లేచి ఒక పక్క దిగింది. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో నేల కొన్నిచోట్ల మీటరు పైచిలుకు పైకి వచ్చింది. పోటు అందక అక్కడి మడ చెట్లు నిలువునా ఎండిపోయాయి, పగడాల దిబ్బలు నీళ్ల పైకి తేలి చచ్చిపోయాయి. దక్షిణాన పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం దాదాపు మీటరు కిందికి దిగింది. సునామీ అల వచ్చి వెనక్కి పోయింది గానీ, సిప్పీఘాట్ వరి పొలాల్లోకి ఎక్కిన పోటు నీళ్లు మాత్రం రోజుకి రెండుసార్లు వస్తూనే ఉన్నాయి.

రోడ్డు పక్కన ఆగి చూశాం. ఒకప్పటి పోక చెట్ల మోడులు, తెల్ల కొంగలు, ఉల్లంకులు. బైనాక్యులర్లు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు పిట్టల లెక్క రాసుకుంటున్నారు. వదిన చెయ్యి చాపి "అదిగో ఆ కరెంటు స్తంభం నుంచి ఆ గట్టు దాకా మా నాన్నది" అంది. ఆ గట్టు మీద నా నడుమెత్తు ఉప్పుపొన్న మొక్కలు గుబురుగా పెరిగి ఉన్నాయి. నాకు లోపల సంతోషమే వేసింది, దాన్ని మొహం మీదికి రానివ్వకుండా చూసుకున్నాను. "నీకు బానే ఉంటాదిలే, నీ సబ్జెక్టు కదా" అంది వదిన, నా వైపు చూడకుండానే. పట్టా ఇంకా వాళ్ల నాన్న పేరు మీదే ఉందట.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు తగ్గుముఖం పడతాయి, మే నుంచి మళ్లీ మొదలు. ప్రభుత్వ బోటు టిక్కెట్లలో దీవుల వాళ్లకి ముందు వరస, మనకి మిగిలినవే దొరుకుతాయి, కాబట్టి తిరుగు టిక్కెట్టు చేతిలో పడ్డాకే విమానం టిక్కెట్టు కొనుక్కోండి. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటితే చీకటి, అడవి దారి ఏదైనా నాలుగింటికల్లా ముగించుకోవాలి. బీచ్‌కి వెళ్లే ముందు కాళ్లకి కొబ్బరి నూనె పట్టించండి. పోటు ఎన్నింటికో జెట్టీ దగ్గర ఎవర్నడిగినా చెప్తారు. పాయలోకి పోటులో వెళ్లండి, ధనినల్లాకి పాటులో వెళ్లండి, తిరగేస్తే రెండు చోట్లా సగమే చూస్తారు.